కథ కంచికి వెళ్ళింది... మరి మనం ఇంటికి?

మన చిన్నప్పుడు కథలు చెప్పిన అమ్మమ్మలూ నాయనమ్మలూ చివర్లో ఒక మాట తప్పకుండా అనేవారు. "కథ కంచికి, మనం ఇంటికి." ఆ మాట పడితే గానీ కథ అయిపోయినట్టు కాదు. కథ తన దారిన తను వెళ్ళిపోతుంది, విన్నవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరతారు. చెప్పినవాళ్ళకూ తృప్తి, విన్నవాళ్ళకూ తృప్తి.

ఈ ఏడాది సావనీరుకి ఏదైనా రాయమని కమిటీవారు అడిగినప్పుడు మేము పండగల గురించో పద్యాల గురించో రాస్తామని అనుకుని ఉంటారు. మేము రాస్తున్నది మాత్రం ఒక టీవీ సీరియల్ చివరి భాగం గురించి! అదీ అత్తాకోడళ్ళ సీరియల్ కాదు, అమెరికావాళ్ళ సైన్స్ ఫిక్షన్ సీరియల్. కాస్త ఓపిక పట్టండి. తిరిగి తిరిగి చివరికి మన బడి గుమ్మం దగ్గరికే వస్తాం.

2020 మే నెల. స్కూళ్ళు మూతపడి, మన ఆదివారం బడి కూడా కంప్యూటర్ తెరలోకి ఎక్కిన రోజులు. ఒక రాత్రి మా సోఫాలో మా ఇద్దరి మధ్యా మా అమ్మాయి కూర్చుని ఉంది. దానికప్పుడు పదేళ్ళు. అంతకు ముందు ఏడాది మొదలుపెట్టిన 'స్టార్ ట్రెక్: వాయేజర్' సీరియల్ ఆ రాత్రితో పూర్తయింది. తెర మీద పేర్లు పడుతున్నాయి. అది మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "అంతేనా? ఇంకో ఎపిసోడ్ లేదా?" అంది. లేదన్నాం. "మరి వాళ్ళు ఇంటికి వెళ్ళడం ఎక్కడ చూపించారు?" అంది.

మేము జవాబు చెప్పలేదు. ఎందుకంటే సరిగ్గా పదిహేనేళ్ళ క్రితం, 2005లో, న్యూజెర్సీలో ఒక రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటులో, అదే చోట అదే ప్రశ్న మేమూ అడిగాం. అప్పుడు మేమంటే నలుగురు రూమ్మేట్లం. అందరం ఇంజనీరింగ్ చదివి, హెచ్1 వీసా మీద దిగి ఏడాదో రెండేళ్ళో అయినవాళ్ళం. కేబుల్ టీవీకి డబ్బు దండగని ఊరి లైబ్రరీ నుంచి డీవీడీలు తెచ్చుకుని చూసేవాళ్ళం. పప్పు ఒకరి వంతు, గిన్నెలు తోమడం ఒకరి వంతు, లైబ్రరీకి వెళ్ళి వాయేజర్ తర్వాతి డిస్కు తేవడం ఒకరి వంతు. ఆఖరి డిస్కు అయిపోయాక మాలో ఒకడు లేచి వెళ్ళి, ఇంకో డిస్కు ఉండాలి, ఎవడో కొట్టేశాడని డబ్బాలో వెతికాడు. నవ్వులాట కాదు, నిజంగానే వెతికాడు!

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాం. ఈ సీరియల్ 1995 జనవరిలో మొదలై 2001 మే 23న ముగిసింది. మొత్తం ఏడు సీజన్లు. కేథరిన్ జేన్వే అనే కెప్టెన్ నడిపే వాయేజర్ అనే అంతరిక్ష నౌక ఒక తిరుగుబాటుదారుల ఓడను వెంటాడుతూ పోయి, ఒక వింత శక్తి పాలబడి, గెలాక్సీ అవతలి కొసకు విసిరేసినట్టు వెళ్ళి పడుతుంది. భూమి 70 వేల కాంతి సంవత్సరాల దూరం. ఎంత వేగంగా నడిపినా ఇల్లు చేరడానికి 75 ఏళ్ళు పడుతుంది. ఓడలో సుమారు 150 మంది. వెంటాడినవాళ్ళూ పారిపోయినవాళ్ళూ కలిసి ఒకే ఓడలో బతకాలి.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. వాళ్ళను వెనక్కి పంపగల యంత్రం మొదటి కథలోనే వాళ్ళ చేతిలో ఉంది. కానీ అది దుర్మార్గుల చేతిలో పడితే అక్కడి ఒక అమాయక జాతి నాశనమైపోతుందని జేన్వే దాన్ని పేల్చేస్తుంది. మంచి పనే. అయితే ఆ నిర్ణయం ఆవిడది. దాని ఫలితం అనుభవించింది ఓడలో ఉన్న అందరూ. అందుకే మిమ్మల్ని ఇంటికి చేర్చే బాధ్యత నాది అని ఆవిడ మాటిచ్చినట్టయింది. ఏడేళ్ళ సీరియల్‌కీ ఆ మాటే పునాది.

మరి చివరి భాగంలో ఏం జరిగింది? రెండు గంటల కథ. భవిష్యత్తులో, ఓడ 23 ఏళ్ళు ప్రయాణించి ఎలాగో ఇల్లు చేరిన తర్వాత, ముసలిదైన జేన్వే తృప్తి లేక కాలంలో వెనక్కి వస్తుంది. దారిలో పోగొట్టుకున్న మనుషులను కాపాడుకోవాలని ఆమె తపన. బోర్గ్ అనే భయంకర శత్రువుల దారిలోంచే ఓడను దొడ్డిదారిన భూమి దగ్గరికి చేరుస్తుంది. యుద్ధం, పేలుళ్ళు, ఆ ముసలి జేన్వే ప్రాణత్యాగం. సరిగ్గా అప్పుడే ఓడలో ఒక పసిపాప ఏడుపు వినిపిస్తుంది. ఎదురుగా భూమి. స్వాగతం చెప్పడానికి వచ్చిన ఓడల మధ్య వాయేజర్ భూమి వైపు సాగుతుంది. అంతే! శుభం కార్డు.

ఒక్కరూ ఓడ దిగలేదు. ఒక్క తల్లీ కొడుకును కావలించుకోలేదు. ఒకప్పటి తిరుగుబాటుదారులను జైల్లో పెట్టారా, క్షమించారా చెప్పలేదు. ఇందులో ఇంకో విచిత్రం ఉంది. ఆ చివరి భాగం మొదలయ్యేదే శాన్‌ఫ్రాన్సిస్కో ఆకాశంలో బాణాసంచా వెలుగుల మధ్య వాయేజర్ తిరిగొచ్చే దృశ్యంతో. కానీ అది చెరిపేయబోయే కాలంలోని సంబరం. అంటే రద్దయిపోయిన పెళ్ళికి విందు పెట్టి, అసలు పెళ్ళికి తాళి కట్టే వేళకి కరెంటు తీసేసినట్టన్నమాట!

అప్పట్లో నిరాశపడింది మేము నలుగురమే కాదు. ఏడేళ్ళు వారం వారం చూసిన అభిమానులెందరో ఇదే మాట అన్నారు, ఇప్పటికీ అంటూనే ఉన్నారు. కాలంలో వెనక్కి వెళ్ళి సరిదిద్దేయడం దొంగ ఉపాయమని కొందరు, సెవెన్ అనే అమ్మాయికీ చకోటేకీ ఉన్నట్టుండి ప్రేమ కలపడం అతకలేదని కొందరు. అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు మాత్రం మా అమ్మాయి అడిగినదే. ఇంటికి వెళ్ళడం ఎక్కడ?

సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళకు చివర్లో తడబడటం కొత్త కాదు. 'క్వాంటమ్ లీప్' 1993లో ముగిసినప్పుడు, ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ ఇంటికి చేరాలని ఆశపడిన కథానాయకుడు చివరికి ఇల్లు చేరనే లేదని తెర మీద ఒక వాక్యం రాసి ఊరుకున్నారు. అందులో అతని ఇంటిపేరు స్పెల్లింగు కూడా తప్పే! రొనాల్డ్ మూర్ అనే రచయిత 1999లో వాయేజర్‌లో చేరి, కొద్దికాలానికే నచ్చక బయటికొచ్చి, తర్వాత 'బ్యాటిల్‌స్టార్ గలాక్టికా' తీశారు. ఇల్లు పోగొట్టుకున్న మనుషుల కథను అంత కఠినంగా, అంత నిజాయితీగా తీసిన ఆయనకు కూడా 2009లో ముగింపు దగ్గర చీవాట్లు తప్పలేదు. అన్నీ దేవుడి లీల అన్నట్టు ముడి విప్పారని చాలామంది నొచ్చుకున్నారు.

అలాగని అందరూ తప్పలేదు. స్టార్ ట్రెక్‌లోనే 'నెక్స్ట్ జనరేషన్' 1994లో ముగిసింది. అందులోనూ కాలం గందరగోళం, విశ్వానికి ముప్పు అన్నీ ఉన్నాయి. కానీ అవన్నీ అయ్యాక ఆఖరి దృశ్యం ఏమిటంటే, ఓడలోని మిత్రులు ఎప్పట్లాగే పేకాట ఆడుకుంటుంటే, ఏడేళ్ళలో ఏనాడూ ఆ బల్ల దగ్గర కూర్చోని కెప్టెన్ పికార్డ్ వచ్చి వాళ్ళతో కూర్చుంటాడు. అంతే. ముక్కలు పంచుతాడు. చూసినవాళ్ళ కళ్ళు చెమర్చాయి. దానికి గ్రాఫిక్స్ ఖర్చు ఏపాటి? ఒక బల్ల, ఒక కుర్చీ. మనుషుల మధ్య బాకీ ఉన్న పని తీర్చారు, అదే ముగింపు అయింది.

ఈ మాటంటే మా పాత రూమ్మేటు ఒకడు (ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటాడు) ఒప్పుకోడు. "ప్రయాణమే కదా కథ! ఇల్లు కనిపించాక మిగతాది మనం ఊహించుకోవచ్చు. అన్నీ నమిలి నోట్లో పెట్టాలా?" అంటాడు. ఆ వాదనలో బలం లేకపోలేదు. రెండు గంటల్లో 150 మంది పుట్టిళ్ళూ అత్తిళ్ళూ చూపించలేరు. సగం చెప్పి సగం విడిచిపెట్టడంలో ఒక అందమూ ఉంది.

కానీ పెద్ద కథలు చెప్పినవాళ్ళు ఏం చేశారో చూడండి. గ్రీకుల 'ఒడిస్సీ' అసలు పేరే సముద్ర ప్రయాణానికి మారుపేరైపోయింది. అందులో 24 భాగాలున్నాయి. ఒడిస్సియస్ తన ద్వీపం ఇథాకా చేరేది పదమూడో భాగంలోనే! దాదాపు సగం కావ్యం ఇల్లు చేరిన తర్వాతదే. కొడుకు గుర్తుపట్టాలి, భార్య నమ్మాలి. ఇరవయ్యేళ్ళ తర్వాత మారువేషంలో వచ్చినవాణ్ణి ఇంటి ముందు గుర్తుపట్టింది ముసలి కుక్క.

మన రామాయణం సంగతి చెప్పనే అక్కర్లేదు. రావణుడు పడిపోగానే శుభం కార్డు వేయలేదు వాల్మీకి. పుష్పకం ఎక్కించాడు. (మన పిల్లలకు అంతరిక్ష నౌకలంటే ఇష్టమైతే ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంది!) అయోధ్య దగ్గర పడ్డాక రాముడు తిన్నగా వెళ్ళి దిగలేదు. భరద్వాజుడి ఆశ్రమంలో ఆగి, హనుమంతుణ్ణి ముందు పంపాడు. నేను వస్తున్నానని చెప్పినప్పుడు భరతుడి మొహం ఎలా ఉందో చూసి రమ్మన్నాడు. పద్నాలుగేళ్ళయింది, మనుషులు మారి ఉండవచ్చు, నా చోటు నాకు ఉందో లేదో అన్న శంక అంతటి రాముడికీ ఉంది. ఇల్లు చేరడమంటే గుమ్మం కనబడటం కాదు, గుమ్మంలో ఉన్నవాళ్ళ మొహం కనబడటం. వాయేజర్ చూపించనిది అదే.

2005లో మాకు ఈ నిరాశ అంత గట్టిగా ఎందుకు తగిలిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆ సీరియల్‌లో మమ్మల్ని పట్టుకున్నవి యుద్ధాలు కావు. నాలుగో సీజన్‌లో ఒక ఎపిసోడ్‌లో మొదటిసారి ఇంటి నుంచి ఉత్తరాలొస్తాయి. టువాక్ తాతయ్యాడని తెలుస్తుంది. చకోటేకి తన తోటి తిరుగుబాటుదారులు దాదాపు అందరూ పోయారని తెలుస్తుంది. జేన్వేని చేసుకోవాల్సిన మనిషి, చాలాకాలం ఎదురుచూసి వేరే పెళ్ళి చేసుకున్నానని రాస్తాడు. ఆమె వదిలి వచ్చిన కుక్క పిల్లల్ని పెట్టిందని, వాటికి ఇళ్ళు దొరికాయని కూడా రాస్తాడు. కెప్టెన్ ఆ ఉత్తరం చదువుకుని మళ్ళీ డ్యూటీలోకి వెళ్ళిపోతుంది. పెద్దమ్మ పోయిన వార్త ఫోన్లో విని, పావుగంటలో మీటింగులో కూర్చున్నవాళ్ళం మేము. మాకు ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

ఏడో సీజన్‌లో భూమితో నేరుగా మాట్లాడే వీలు దొరుకుతుంది. మనిషికి మూడు నిమిషాలు, వంతులు వేసుకుని. హ్యారీ కిమ్ అనే కుర్రాడు వాళ్ళ అమ్మతో మాట్లాడతాడు. ఏడేళ్ళ తర్వాత కొడుకును చూసిన ఆ తల్లి, నీకింకా ప్రమోషన్ ఎందుకు రాలేదు, మీ కెప్టెన్‌కు ఉత్తరం రాస్తానంటుంది! ఆ రోజు మా అపార్ట్‌మెంటులో నవ్వులే నవ్వులు. ఫోన్ కార్డు మీద నంబరు గీకి, పది అంకెలు, మళ్ళీ పది అంకెలు నొక్కి, లైను కలిశాక సగం సేపు "వినపడుతోందా? వినపడుతోందా?" అనుకుని, మిగిలిన సగంలో "ప్రమోషన్ వచ్చిందా? తిండి సరిగ్గా తింటున్నావా? ఎప్పుడొస్తున్నావు?" అని మూడు ప్రశ్నలు. అన్నట్టు హ్యారీకి ఆ సీరియల్ అయ్యేదాకా ప్రమోషన్ రానే లేదు.

మూడో ప్రశ్నకు మా దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. "రెండేళ్ళు, మహా అయితే మూడు." ఇక్కడి మనవాళ్ళందరికీ తెలిసిన పాత జోకు ఒకటుంది కదా, ఎక్స్ = ఎక్స్ + 1 అని. ఎక్స్ అంటే ఇండియా తిరిగి వెళ్ళిపోయే సంవత్సరం. ప్రతి జనవరి ఒకటిన ప్రోగ్రాం నడుస్తుంది, ఎక్స్‌కి ఒకటి కలుస్తుంది. గ్రీన్ కార్డు వచ్చాక, ఇల్లు కొన్నాక, పెద్దదాని స్కూలయ్యాక... లూపులోంచి బయటికొచ్చే షరతు రాయడం మాత్రం ఇంతమంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలో ఒక్కరికీ తోచలేదు!

ఇక మన పిల్లల దగ్గరికి వద్దాం. వాయేజర్‌లో నయోమి అనే చిన్నపిల్ల ఉంది. ఆ ఓడలోనే పుట్టింది. భూమిని ఎన్నడూ చూడలేదు. ఐదో సీజన్‌లో ఒక ఎపిసోడ్ వస్తుంది. ఒక రాకాసి ప్రాణి మనుషుల మనసులోని కోరికను ఎరగా చూపి ఓడలను మింగుతుంటుంది. ఇదిగో భూమికి దగ్గరదారి అని దాని మాయ. కెప్టెన్‌తో సహా ఓడంతా సంబరంగా దాని నోట్లోకి వెళ్ళిపోతుంటారు. లొంగనివాళ్ళలో నయోమి ఒకతె, సెవెన్ ఇంకొకతె. భూమికి చేరాలన్న కోరిక వాళ్ళిద్దరికీ లేదు కనుక! పెద్దవాళ్ళకు ఇల్లు అంటే భూమి. నయోమికి ఇల్లు అంటే ఆ ఓడే.

2005లో ఈ ఎపిసోడ్ మాకు పెద్దగా పట్టలేదు. 2020లో పక్కన పదేళ్ళ పిల్లను కూర్చోబెట్టుకుని చూస్తే వేరే కథ అయింది. చివరి భాగంలో మళ్ళీ ఆ పిల్ల కోసం వెతికాం. చెరిగిపోయే భవిష్యత్తులో పెద్దదై, ఒక బిడ్డ తల్లిగా కాసేపు కనబడుతుంది. కానీ అసలు ఓడ భూమికి చేరినప్పుడు, తను ఎన్నడూ చూడని 'ఇంటి'కి చేరినప్పుడు, నయోమి మొహం ఎలా ఉందో ఎవరూ చూపించలేదు.

పోయిన ఏడాది మా క్లాసులో పిల్లలకు (అందరూ పదీ పన్నెండేళ్ళ మధ్యవాళ్ళు) ఇదే హోంవర్కు ఇచ్చాం. కథ మొత్తం తెలుగులో చెప్పి, "ఓడ దిగాక ఏమైంది? ఒక పేజీ రాయండి" అన్నాం. వ్యాకరణం మార్కులు లేవని ముందే చెప్పాం. మామూలుగా నాలుగు లైన్లకే చేయి నొప్పి అనే పిల్లలు ఆ వారం పేజీలు నింపుకొచ్చారు. ఒకమ్మాయి హ్యారీ వాళ్ళమ్మ చేత "ఎంత చిక్కిపోయావురా!" అనిపించి, అన్నం పెట్టించి, ఆ తర్వాతే ప్రమోషన్ సంగతి అడిగించింది. ఇంకొకడు కెప్టెన్ ఇంటికి వెళ్తే వై-ఫై పాస్‌వర్డ్ మార్చేశారని రాశాడు. ఇద్దరు ముగ్గురు కుక్కపిల్లలు ఏమయ్యాయో కనుక్కుని, తెచ్చి కెప్టెన్‌కి అప్పగించారు.

ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి మాత్రం ఐదే వాక్యాలు రాశాడు. "నయోమి మెట్ల మీద ఆగింది. వాళ్ళ అమ్మ ఏడుస్తోంది. అందరూ ఏడుస్తున్నారు. నయోమికి ఏడుపు రాలేదు. అందుకని సిగ్గు వేసింది." అక్షర దోషాలు మూడున్నాయి. ఎర్ర పెన్ను తీయబుద్ధి కాలేదు.

ఆ కాగితం చదివాక మాకు తెనాలి గుర్తొచ్చింది. ఎండాకాలం సెలవుల్లో వెళ్ళిన ప్రతిసారీ గేటు దగ్గర ఆటో దిగగానే పెద్దవాళ్ళందరం ఒకరినొకరు పట్టుకుని ఏడుపులు. మా అమ్మాయి పక్కన బ్యాగు పట్టుకుని నిలబడేది. "ఏమిటలా బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు, నాయనమ్మ దగ్గరికి వెళ్ళు" అని కసిరేవాళ్ళం. ప్రేమ లేదనుకున్నాం. మెట్ల మీద ఆగిపోయిన పిల్ల అని అనుకోలేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. సీరియల్ రచయితలను ఇన్ని మాటలన్నాం కానీ, ఆ పనే మేమూ చేశాం. మా అమ్మాయికి పుట్టినప్పటి నుంచీ ఒక కథ చెబుతూ వచ్చాం. మనం ఒకరోజు ఇంటికి వెళ్ళిపోతాం, అక్కడ నీకు అందరూ ఉన్నారు, అందుకే తెలుగు నేర్చుకోవాలి అని. సీజన్ల మీద సీజన్లు నడిపాం. చివరి భాగం మాత్రం రాయలేదు.

మా నాన్నగారు ప్రతి ఫోన్లోనూ "ఎప్పుడొస్తున్నారు?" అని అడిగేవారు. ఎప్పుడో ఒకప్పుడు అడగడం మానేశారు. ఏ సంవత్సరం మానేశారో మాకు గుర్తులేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఆయన 2017లో పోయారు. అమ్మ మా అక్క దగ్గరికి వెళ్ళింది. ఐదేళ్ళు తాళం వేసి ఉంచి, 2022లో తెనాలి ఇల్లు అమ్మేశాం. సంతకాలు పెట్టి తిరిగొచ్చాక మా అమ్మాయి "మరి మనం వెళ్ళిపోతాం అన్నది ఏ ఇంటికి?" అని అడిగింది. అప్పుడు కూడా ఏదో చెప్పి మాట మార్చేశాం.

ఆ అబ్బాయి ఐదు వాక్యాలు చదివిన రాత్రి దాన్ని కూర్చోబెట్టి చెప్పాం. మేము వెనక్కి వెళ్ళడం లేదు. వెళ్తామని అనుకున్నాం, అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కానీ వెళ్ళడం లేదు. మన ఇల్లు ఇదే. చూడ్డానికి వెళ్తాం, మనవాళ్ళున్నంత కాలం వెళ్తూనే ఉంటాం. కానీ తిరిగి వెళ్ళిపోవడం అనేది ఇక లేదు. ఇరవయ్యేళ్ళలో ఆ వాక్యం మేము మాకు కూడా పైకి చెప్పుకోలేదు.

అది పెద్దగా ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు" అంది. కాసేపాగి అడిగింది, "మరి తెలుగు ఎందుకు?"

చూశారా, బడి గుమ్మం దగ్గరికి వస్తామని ముందే చెప్పాం! ఈ సావనీరు చదువుతున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు పడే ప్రశ్నే ఇది. తిరిగి వెళ్తాం కాబట్టి నేర్చుకో అన్నది సులువైన జవాబు. ఆ జవాబు పోయాక మిగిలేది కష్టమైనదే, కానీ నిజమైనది. మేము ఏం చెప్పామంటే... నువ్వు ఇంగ్లీషులో అడిగితే మేము కాస్త ఆలోచించి, పొదుపుగా, ఆఫీసులో చెప్పినట్టు జవాబు చెబుతాం. తెలుగులో అడిగితే ఆలోచించకుండా చెప్పేస్తాం. మమ్మల్ని పూర్తిగా తెలుసుకోవాలంటే నీకు ఉన్న దారి అదొక్కటే. నాయనమ్మ దగ్గర మెట్ల మీద ఆగిపోకుండా ఉండటానికీ అదే దారి. ఏడుపు రాకపోయినా ఫర్వాలేదు, మాట వస్తే చాలు.

దానికి పూర్తిగా నచ్చిందో లేదో తెలియదు. బడి మాత్రం మానలేదు. ఈ ఏడాది చిన్నపిల్లల క్లాసులో అక్షరాలు దిద్దించడానికి వస్తోంది.

అభిమానుల నిరాశను నవ్వులాటగా తీసుకునేవాళ్ళు, ఒక సీరియల్ కోసం ఇంత గొడవా అంటారు. మాకైతే ఆ నిరాశ న్యాయంగానే అనిపిస్తుంది. మాటిచ్చినవాళ్ళు ఆ మాట చివర ఏమైందో చెప్పి తీరాలి. తీర్చలేకపోతే, తీర్చలేకపోయామని చెప్పాలి. వాయేజర్ కథకు మిగిలిన ముక్కలు ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. 2002 సినిమాలో జేన్వే అడ్మిరల్‌గా కొద్ది క్షణాలు కనబడింది. 2022లో 'పికార్డ్' సీరియల్ రెండో సీజన్‌లో, ఒకప్పుడు బోర్గ్ అయినందుకు సెవెన్‌ను స్టార్‌ఫ్లీట్ చేర్చుకోలేదన్న సంగతి బయటపడింది. అంటే ఇల్లు చేరాక అంతా సుఖం కాలేదు. అక్కడ చెప్పవలసిన కథ ఉంది. ఇరవయ్యేళ్ళు ఆలస్యంగా తెలిసింది, అంతే.

మన పిల్లలకు ఇరవయ్యేళ్ళు ఆలస్యం చేయకండి. తిరిగి వెళ్తున్నవాళ్ళయితే ఎప్పుడో చెప్పండి. వెళ్ళనివాళ్ళయితే అదీ చెప్పండి. ఇంకా తేల్చుకోనివాళ్ళయితే, తేల్చుకోలేదని చెప్పండి. ఆ మాట తెలుగులోనే చెప్పండి, ఇన్నేళ్ళుగా వాళ్ళు ఇక్కడ నేర్చుకుంటున్నది అందుకు సరిపోతుంది.

కథ కంచికి, మనం ఇంటికి. ఏ ఇంటికో పిల్లలకు చెప్పడం మన వంతు. ఏమంటారు?